తలుపులో నీళ్ళు

కారు ఎడమవైపు తిరిగినప్పుడు మాత్రమే అది వినిపించేది. కుడి మలుపుల్లో లేదు, తిన్నగా పోతున్నప్పుడు లేదు. అత్తయ్య వేగం తగ్గించి, గేరు మార్చి, స్టీరింగు ఎడమకి తిప్పగానే వెనకెక్కడో "గుళుక్" మని ఒక చప్పుడు. వెంటనే ఇంకొకటి, కాస్త చిన్నది. నీళ్ళు పుక్కిట పట్టిన మనిషి ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నట్టు.

ఆ కారు మొదటిసారి ఎక్కిన రోజు నేను ఉలిక్కిపడింది చప్పుడుకి కాదు. పాత కారుకి వంద చప్పుళ్ళుంటాయి. మలుపు తిరిగి, రెండో గుళుకు వినిపించాక, అత్తయ్య రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, మెల్లగా, "మింగండి" అంది.

కారులో ఉన్నది మేమిద్దరమే. అత్తయ్య నన్ను ఎప్పుడూ 'అండి' అనదు.

ఆవిడ మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ఎం.ఏ.కి ఆవిడ ఉండే ఊళ్ళో సీటు రావడంతో రెండేళ్ళు ఆవిడింట్లోనే ఉన్నాను. నేను వెళ్ళేసరికి మామయ్య పోయి మూడేళ్ళు. ఇంట్లో ఆయన వస్తువులు పెద్దగా కనిపించేవి కావు. బట్టలు ఇచ్చేసింది. కళ్ళజోళ్ళు ఇచ్చేసింది. ఆయన కూర్చునే కుర్చీని పైవాటా వాళ్ళు అడిగితే పట్టుకుపొమ్మంది. వచ్చినవాళ్ళు "ఎంత గుండె దిటవు" అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. మిగిలిందల్లా ఇరవై రెండేళ్ళ ఆ బూడిద రంగు కారు.

అత్తయ్య చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసేది. ఒక గదిలో ఇంకో చిన్న గది. ఆ లోపలి గదికి గోడలనిండా మెత్తలు, మందపాటి తలుపు, ఒకే ఒక అద్దం కిటికీ. వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తలుపు మూసి, ఇవతల యంత్రం ముందు తను కూర్చుంటుంది. ఒక్కో చప్పుడే పంపుతుంది. వినిపిస్తే లోపలివాళ్ళు చెయ్యెత్తాలి. కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తు. రోజుకి పదిహేను మంది, ఇరవై ఎనిమిదేళ్ళుగా.

"వినిపించనివాళ్ళతో గొడవ లేదే," అని ఒకసారి చెప్పింది. "వాళ్ళు పాపం ఊరికే కూర్చుంటారు. మోగనిదానికి చెయ్యెత్తేవాళ్ళతోనే నా చావు. నేను మీట మీద వేలు కూడా పెట్టను, చెయ్యెత్తేస్తారు."

"అబద్ధం చెప్తారా?"

"అబద్ధం కాదు. ఇప్పుడు వినిపిస్తుంది, ఇప్పుడు వినిపిస్తుంది అని ఎదురుచూస్తారు. అలా చూసీ చూసీ, వినిపించేస్తుంది."

ఆ ఉద్యోగం మీద ఆవిడకి బోలెడు హాస్యం కూడా ఉండేది. భర్తల్ని వెంటబెట్టుకొచ్చే భార్యలు వారానికి ఇద్దరైనా తగిలేవారట. "ఈయనకి బొత్తిగా వినబడటం లేదండీ, పది పిలిస్తే ఒకటి పలుకుతాడు" అంటారు. పరీక్ష చేస్తే చెవులు శుభ్రంగా ఉంటాయి. అప్పుడు అత్తయ్య కాగితం మడిచి ఇస్తూ, "ఈయన చెవులు బంగారమమ్మా. ఆ మిగతా తొమ్మిదీ మీ ఇంటి వ్యవహారం" అనేది. ఈ మాట చెప్పినప్పుడల్లా తనే ముందు నవ్వేది.

మామయ్యని నేను చిన్నప్పుడు చూశాను. అచ్చాఫీసులో యంత్రం నడిపేవాడు. సిరా మరకల వేళ్ళు, పొడుగు మనిషి, ఏ గుంపులోనైనా ఒక పక్కకి ఒరిగి నిలబడేవాడు. మా నాన్న అంటుండేవాడు: "అందరి నోట్లో నువ్వుగింజ నానదు. బావగారి నోట్లో బస్తా నువ్వులు నానతాయి." ఆ మాట నిజంగా ఎక్కడినుంచి పుట్టిందో అప్పట్లో నాకు తెలీదు.

చప్పుడు సంగతి నేనుగా అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఒక సెలవునాడు మధ్యాహ్నం, పైవాటా పిల్లల గోల భరించలేక, పుస్తకం పట్టుకుని ఇంటిముందు రేకుల కింద నిలిపిన కారులో, వెనక సీట్లో కూర్చున్నాను. అద్దాలు దించుకుని ఒక అధ్యాయం చదివాను. వీధిలో ఎవరూ లేరు. ఇంజను లేదు, మలుపు లేదు. నా ఎడమ మోచేతి దగ్గర, తలుపు లోపలినుంచి "గుళుక్" మంది. తర్వాత, చిన్నగా, ఇంకోసారి.

పుస్తకం సీటు మీదే వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను. దూరంగా వెనకవీధిలో ఏదో పెద్ద లారీ వెళ్తున్న అదురు అప్పుడు కాళ్ళకి తెలిసింది గానీ, దానివల్లనే అయి ఉంటుందని సర్దిచెప్పుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది.

అత్తయ్య బొత్తాం కుడుతోంది. నా మొహం చూసి సూది ఆపింది.

"నీకూ వినిపించిందా?"

నేను తలూపాను.

"ఎటునుంచి?"

"ఎడమ. వెనక తలుపు."

"ఎన్నిసార్లు?"

"రెండు."

"రెండోది ఎలా ఉంది?"

"చిన్నది. మెత్తగా."

సూదిని చొక్కాకే గుచ్చి పక్కన పెట్టింది. ఆ కళ్ళలో అప్పుడు కనిపించింది సంతోషమో దిగులో నాకు అర్థం కాలేదు. "ఇన్నాళ్ళనుంచీ భయపడుతున్నానే," అంది. "నాకూ ఆ చెయ్యెత్తే జబ్బు వచ్చిందేమోనని."

ఆ మధ్యాహ్నమే చెప్పింది. మామయ్య కారు నడిపేటప్పుడు పక్కన నీళ్ళ సీసా ఉండేది. ఈవిడ ఏదైనా మొదలుపెట్టగానే ఆయన సీసా ఎత్తి నోరు నింపుకునేవాడు. మింగేవాడు కాదు. నాలుగు వీధులు దాటేదాకా పుక్కిటే. "నోట్లో నీళ్ళున్న మనిషితో పోట్లాడి ఎవరు గెలుస్తారే? మింగండి, మింగి మాట్లాడండి అని మొత్తుకునేదాన్ని. మలుపులో బుగ్గ మార్చుకునేవారు. ఇంట్లో ఒక్కసారి అలా చెయ్యలేదు. కారెక్కితేనే."

చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నా వైపు చూడలేదు.

వాళ్ళమ్మాయి పెళ్ళయి కాపురానికి వెళ్ళాక, ఆ పిల్లని దించి వస్తున్న రోజు. ఇంటికి ఇద్దరే తిరిగొస్తున్నారు. అలాంటి మాటలు అడిగే అలవాటు లేని మనిషి, ఆ రోజు ఎందుకో అడిగిందట: "ఇక మనిద్దరమే. నాతో ఉండటం మీకు కష్టంగా ఉందా?"

ఆయన సీసా ఎత్తాడు. పుక్కిట పట్టాడు. ఎడమ మలుపు తిరిగాడు. ఇల్లు దగ్గరపడ్డాక మింగి, "ఆ మూల రొట్టెల దుకాణం ఎత్తేశారు, చూశావా?" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

"ఇంకోసారి అడగాల్సింది," అంది అత్తయ్య. "అభిమానం అడ్డొచ్చింది. కష్టంగా ఉంది కాబట్టే దుకాణం సంగతి ఎత్తారనుకున్నా. ఆయన పోయాక ఆరు నెలలకి, వానలు వెలిసిన తర్వాత, కారులో ఈ చప్పుడు మొదలైంది. నాకు ఏమనిపించి ఉంటుందో నువ్వే చెప్పు."

పుస్తకం ఇంకా కారులోనే ఉంది. పొద్దుపోకముందే తెచ్చుకోవాలి. ఆవిడనే వెంట రమ్మన్నాను.

తుప్పు సంగతి బయటపెట్టింది వదిన, అంటే అత్తయ్య కూతురు. ఊళ్ళోనే ఇంకో మూల ఉండేది. అప్పటికి ఏడో నెల. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజుల్లో అత్తయ్యే వెళ్ళి ఎక్కించుకునేది. ఒకరోజు ముందు ఎడమ తలుపు తీస్తూ, కింద అంచున పొక్కులు లేచిన రంగుని వేలితో నొక్కింది. వేలు లోపలికి పోయింది.

"అమ్మా, ఇది కారా జల్లెడా?"

"ఎక్కు ముందు."

"ఎక్కితే కిందినుంచి దిగిపోతానేమో చూడు. దీన్ని పాత ఇనుముకి వేసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది."

"పన్నెండేళ్ళప్పుడు నీ మోకాళ్ళూ ఇలాగే ఉండేవి, అన్నీ పొక్కులే. నిన్ను పాత ఇనుముకి వేశామా?"

"నా మోకాళ్ళెక్కి నువ్వు ఆసుపత్రికి వెళ్ళలేదుగా." వదిన తిరిగి, వెనక సీట్లో ఉన్న నన్ను చూసింది. "ఏమ్మా మరదలా, చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పు."

నేను రెండో వైపు కిటికీలోంచి బయటికి చూశాను. అత్తయ్య ఆ వారమే మేస్త్రికి చూపిస్తానని మాటిచ్చింది.

కారు రేకుల పని చేసే ఆ మేస్త్రిని అందరూ తట్టుడు మేస్త్రి అనేవారు. కారు రాగానే రంగు చూడడు, ఇంజను తెరవమనడు. స్క్రూడ్రైవరు తిరగేసి, దాని చెక్కపిడితో రేకుని తట్టుకుంటూ చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు, తల ఒక పక్కకి వంచి. మంచి రేకు "టంగ్" మంటుంది, పుట్టీ పెట్టి కప్పేసిన చోట "టప్" మంటుంది, లోపల తుప్పు తిన్న చోట దాదాపు ఏమీ అనదు. ఆయన షెడ్డులో తలుపులు, బానెట్లు గోడకి ఆనించి ఉండేవి. నేలంతా గ్రైండరు రాలిన నల్లటి పొడి.

అత్తయ్య ఆయన పని చూస్తూ, "మీదీ నా పనే" అంది.

"మీరేం చూస్తారమ్మా?"

"మనుషుల చెవులు."

"అబ్బో, కష్టం. రేకు అబద్ధం చెప్పదు."

ఎడమవైపు తలుపుల కింద పొడుగునా గడపలా ఉండే బోలు రేకుని ఆయన రన్నింగ్ బోర్డు అన్నాడు. దాని మీద తట్టాడు. ఏమీ అనలేదు. ముందుకు జరిగి తట్టాడు. అప్పుడు కారు అంచు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు.

గుళుక్.

"నీళ్ళున్నాయమ్మా లోపల."

"ఏ నీళ్ళూ లేవు," అంది అత్తయ్య వెంటనే.

ఆయన ఆవిడ మొహం చూసి, ఇంకోసారి ఊపబోయి మానేశాడు. "సరే. లేవనుకుందాం. ఈ బోర్డు పోయింది. దీన్నంటుకున్న నేలరేకు కూడా, ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గర, మెత్తబడింది. మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్తది అతకాలి. లేదంటే కారు మానెయ్యాలి. పైన పుట్టీ రాసి పంపే పని నేను చెయ్యను. అది చేసేవాళ్ళు వేరే ఉన్నారు."

"కోస్తే, లోపల ఉన్నదంతా..."

"లోపల ఉన్నదంతా పోవాల్సిందేనమ్మా. అందుకేగా కొయ్యడం."

"ఎన్నాళ్ళు ఆగొచ్చు?"

"అది నన్నడుగుతారేం? రేకునడగండి."

ఆలోచించి చెప్తానంది. తిరిగొచ్చే దారిలో మూడు ఎడమ మలుపులు. మూడుసార్లూ 'మింగండి' అంది. మూడోసారి బతిమాలుతున్నట్టు ఉంది.

ఆ ఆలోచన మూడు వారాలు సాగింది. ఆవిడకి తెలియక కాదు. లోపల ఉన్నవి వాననీళ్ళని నాకంటే ముందు తెలిసిన మనిషి. ఉదయం టిఫిను డబ్బా సర్దుకుంటూ "ఇవాళ ఫోన్ చేస్తా మేస్త్రికి" అనేది. సాయంత్రం వచ్చి, అడగకుండానే, "తీరలేదు" అనేది. మధ్యలో ఒకరోజు ఆసుపత్రినుంచి రావడం ఆలస్యమైంది. మామూలు దారిలో నాలుగే ఎడమ మలుపులు. ఆ రోజు పన్నెండు తిరిగొచ్చానని తర్వాత తనే చెప్పింది, ఊరి చుట్టూ. మనిషి చిక్కిపోయింది. ఇంట్లో కుళాయి కట్టేటప్పుడు, చివరి చుక్కలు పడేదాకా అక్కడే నిలబడటం గమనించాను.

వదిన పరీక్షల రోజు మళ్ళీ వచ్చింది. అత్తయ్య తనకి కుడివైపు వెనకసీటు చూపించింది. "వెనక కూర్చుంటే వాంతి వస్తుందని నీకు తెలీదా?" అని వదిన ముందే కూర్చుంది. నేను వెనక. ఆసుపత్రికి ముందు ఒక ఎడమ మలుపుంది. అత్తయ్య గేరు మార్చింది. గుళుక్. ఆ వెంటనే, ఎండిన కొమ్మ విరిగినట్టు ఇంకేదో. వదిన సీటు ఎడమ మూల దిగబడి, మనిషి తలుపు మీదికి ఒరిగిపోయింది. రెండు చేతులతో కడుపు పట్టుకుంది.

అత్తయ్య కారు ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. సీటు కాలు ఒకటి నేలరేకుని చీల్చుకుని రెండు వేళ్ళ లోతు దిగింది, అంతే. కాళ్ళ కింది పట్టా తొలగించిన వదిన, "అమ్మా, కింద రోడ్డు కనిపిస్తోంది" అంది. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే భయమేసింది.

"మేస్త్రి చెప్పాడు," అంది అత్తయ్య. "మూడు వారాల క్రితం."

వదిన పట్టాని మళ్ళీ ఆ చిల్లు మీదికి లాగింది. "కారు కావాలా, నేను కావాలా అని అడగను," అంది. "అడిగితే నువ్వు ఆలోచిస్తావేమో."

అత్తయ్య ఇంజను ఆపి తాళం తీసింది. ఆసుపత్రికి మిగిలిన దూరం ముగ్గురం నడిచాం. వదిన చెయ్యి అత్తయ్య పట్టుకుంటే వదిన విడిపించుకోలేదు, అలాగని తను తిరిగి పట్టుకోనూ లేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి షెడ్డులో ఉన్నాం. ఆయన కారుని ఒక పక్కకి ఎత్తి, కింద వెల్లకిలా దూరి, టార్చి వేసుకున్నాడు. కాసేపటికి నవ్వినట్టు వినిపించింది.

"బబుల్‌గమ్ము ఎవరు పెట్టారమ్మా ఇక్కడ?"

పట్టుకారుతో దేన్నో లాగాడు. దాని వెనకే గోధుమరంగు నీళ్ళు ధారగా నేల మీద పడ్డాయి. చెయ్యి చాపి అత్తయ్యకి ఇచ్చాడు. గులాబీ రంగు ముక్క, చిటికెన వేలి గోరంత. గట్టిపడిన రబ్బరులా ఉంది.

అది ఏమిటో ఆవిడకి చూడగానే తెలిసింది. వినికిడి యంత్రాలకి చెవి అచ్చు తీసే ముద్ద. రెండు రకాల ముద్దల్ని పిండిలా కలిపి చెవిలో పెడితే నాలుగు నిమిషాల్లో బిగుసుకుంటుంది. మిగిలిన డబ్బాలు ఆవిడ ఇంటికి తెచ్చేది. మామయ్య దానితో చెయ్యని పని లేదట. కళ్ళజోడు కాడ, బల్ల కాలు, కిటికీ సందు.

"ఈ రంధ్రాలు నీళ్ళు పోవడానికమ్మా పెట్టేది," మేస్త్రి కిందినుంచే కోప్పడుతున్నాడు. "మూసేస్తే ఎటు పోతాయి? ఉన్నచోటే ఉండి రేకుని తింటాయి. బోర్డుకి ఏడూ మూసేశాడు మహానుభావుడు. వెనక తలుపు కింద రెండు. ఎవరు చేశారీ తెలివిగల పని?"

"నేనే," అంది అత్తయ్య. "నేనే చేయించాను."

ఆ ముక్కని వెలుగుకి పట్టి చూసింది. ఆ ముద్ద ఏది తగిలితే దాని అచ్చు వదలకుండా పట్టుకుంటుంది. లోపలివైపు రంధ్రం అంచు. బయటివైపు ఒక బొటనవేలి ముద్ర, గీత గీతా విడిగా. ఆవిడ తన బొటనవేలు దాని మీద ఆనించింది. సరిపోలేదు. అది పెద్దది.

బోర్డు, నేలరేకు తప్పనిసరిగా కొయ్యాలన్నాడు మేస్త్రి. వెనక తలుపుకి ప్రమాదం లేదు, అది తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడే విప్పమంటే విప్పుతానన్నాడు.

"ఆ తలుపు ముట్టుకోకండి," అంది అత్తయ్య.

తిరుగు ప్రయాణం బస్సులో. కిటికీ పక్క నేను, ఇవతల ఆవిడ. ఏడు ముక్కలూ రుమాలులో కట్టి ఒళ్ళో పెట్టుకుంది. రెండు స్టాపులు దాటాక, ఆసుపత్రిలో రోగి కాగితం చదివే గొంతుతో మొదలుపెట్టింది.

"కారు వేగం అందుకుంటే ఈల వినిపించేది. సన్నగా, నా పక్క కిటికీ దగ్గర. ప్రాణం తోడేసేది నాకు. ఆపండి దాన్ని అని వేధించాను. ఒక ఆదివారం కింద దూరి ఏవో రెండు రంధ్రాలు మూశారు. మర్నాడు కారు బయటికి తీసి, ఆగిందా? అన్నారు. లేదన్నా. ఇంకో రెండు. ఆగిందా? లేదు. ప్రతివారం అదే. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నానే. చెవి పక్కనే అంత ఈల వేస్తుంటే ఆగిందా అని అడుగుతారేంటి? చివరికి ఆయన నడుం పట్టేసింది. జాలేసి, ఆగింది అన్నాను. ఆగలేదు. కిటికీ రబ్బరు పోయింది, ఈల అక్కడిది. ఆగిందని చెప్పగానే ఎంత సంతోషమో ఆ మొహంలో."

బస్సు గతుకులో ఎగిరింది. ముక్కల్ని గట్టిగా పట్టుకుంది.

"ఆయనకి వినిపించలేదే. అందుకని అడిగేవారు. అచ్చాఫీసులో యంత్రం ఆయన ఎడమ చెవి పక్కనే, ముప్పై ఏళ్ళు. అలాంటి చోట ముందు పోయేవి సన్నటి చప్పుళ్ళే. తర్వాత మాటలు. ఇంట్లో నాకెప్పుడూ ఎడమ పక్కనే నడిచేవారు, ఎడమ పక్కనే కూర్చునేవారు, కుడి చెవి నా వైపు ఉండేలా. కారులో ఆ వీల్లేదు. స్టీరింగు కుడివైపు, నేను ఎడమవైపు. అందుకే అక్కడ నీళ్ళు. నేనేదో అంటున్నానని తెలిసేది, ఏమన్నానో తెలిసేది కాదు. తెలీదని చెప్పడానికి సిగ్గు. ఎవరి దగ్గర? వేలమందికి చెవులు చూసేదాని దగ్గర."

కాసేపటికి, "మీ ఇంటి వ్యవహారం అని ఎంతమందిని పంపేశానో" అంది. నవ్వలేదు.

నాలుగు రోజులకి కారు వచ్చింది. ఎడమ అంచున కొత్త రేకు మీద ఎర్ర ప్రైమరు, సీటు గట్టిగా నిలబడింది. వదిన వచ్చి, నేల మీద కాలితో రెండుసార్లు తన్ని చూసి, "మోకాళ్ళు బాగయ్యాయి" అని ఒక్క మాట అంది. చప్పుడు మాత్రం పూర్తిగా పోలేదు. వెనక తలుపులో కొంచెం మిగిలింది.

మర్నాడు ఉదయం నన్ను కాలేజీ దగ్గర దించడానికి బయల్దేరింది. మొదటి ఎడమ మలుపు. గుళుక్. 'మింగండి' కోసం నాకు తెలియకుండానే ఎదురుచూశాను. ఆవిడ ఆ మాట అనలేదు. ఎదుటి మనిషితో మాట్లాడే మామూలు గొంతుతో, "నాతో ఉండటం మీకు కష్టంగా ఉందా?" అంది.

రెండో గుళుకు. అంతే.

తర్వాతి రోజు అదే మలుపు, అదే ప్రశ్న. గొంతు కొంచెం పెరిగింది. మూడో రోజు ఇంకొంచెం. నాలుగో రోజుకి నాకు అర్థమైంది. పరీక్షలో ఒక చప్పుడుకి చెయ్యి లేవకపోతే, యంత్రం మీద చప్పుడు ఐదు డెసిబెళ్ళు పెంచి మళ్ళీ పంపాలి. లేవకపోతే ఇంకో ఐదు. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పద్ధతి అది. ఐదో రోజు పక్కనున్న స్కూటరు మనిషి తిరిగి చూశాడు. ఆరో రోజు అద్దాలు దించే ఉన్నాయి. "ఏమండీ!" అని ఆవిడ వేసిన కేకకి కాలిబాట మీద నడుస్తున్న ఇద్దరు ఆగిపోయారు. నేను తల దించుకున్నాను. ఆ కేక మధ్యలో విరిగింది. ప్రశ్న సగంలో ఉండగానే మలుపు అయిపోయింది.

కారు పక్కకి తీసి ఆపింది. గొంతు బొంగురుపోయింది.

"యంత్రానికి ఒక హద్దుంటుంది," అంది. "దాని పైన పెంచకూడదు. ఉన్నది కూడా పోతుంది."

నాకు ఏదైనా చెప్పాలనిపించింది. ఆయనకి వినపడి ఉంటే ఏమనేవాడో, ప్రతి ఆదివారం కారు కింద దూరిన మనిషి ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు. నేను నోరు తెరిచేలోగా ఆవిడే, "నువ్వేం చెప్పకు. చెప్తే నేను చెయ్యెత్తేస్తాను" అంది.

ఆదివారం ఉదయం ఇంటిముందు సిమెంటు చప్టా మీద, వెనక ఎడమ తలుపు పూర్తిగా తెరిచి, కింద పీట వేసుకుని కూర్చుంది. ఆసుపత్రిలో వాడే సన్నటి పట్టుకారు చేతిలో ఉంది. గిన్నె తేనా అని అడిగితే వద్దంది. మొదటి ముక్క తేలిగ్గా వచ్చింది. రెండోదాన్ని పట్టుకుని కొంచెంసేపు ఉండిపోయి, లాగింది.

నీళ్ళు వచ్చాయి. ముందు ధారగా, వెంటనే సన్నబడి, తర్వాత చుక్కలు. అన్నీ కలిపి అరగ్లాసు కూడా ఉండవు. చప్టా మీద చెయ్యి వెడల్పు తడి, తుప్పు రంగులో.

"ఇంతేనా?" అంది.

తలుపుని తనే మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపింది. కీలు కిర్రుమంది. ఇంకేమీ లేదు. మళ్ళీ ఊపింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ తలుపు ఎన్నిసార్లు ఊపిందో లెక్కపెట్టలేదు.

ఎండ రేకుల కిందికి జరిగేసరికి తడి అంచులనుంచి ఆరడం మొదలైంది. అత్తయ్య పీట మీదే ఉంది. మధ్యలో అరచేతంత మిగిలింది, ఆ తర్వాత రూపాయి బిళ్ళంత. అది కూడా పోయి, సిమెంటు మీద ఎర్రటి పొడి గీత మాత్రం ఉన్నాక లేచి, మోకాళ్ళు పట్టేశాయని విసుక్కుంటూ లోపలికి వచ్చి, ఫోన్ అందుకుంది.

"మేస్త్రిగారూ, వెనక తలుపు కూడా తెస్తున్నాను రేపు. లేదు, నీళ్ళేం లేవు. నిజంగానే లేవు. కావాలంటే తట్టి చూసుకోండి."